భూమిలో వేడినీళ్లు, ఇంట్లో కట్టెల పొగ

పొద్దున్నుంచి కడుపు మండిపోతోంది. చెల్లి బాలింత, పాపకు ఇరవై రోజులు. రాత్రంతా ముసురు, కట్టెలన్నీ తడిశాయి, కరెంట్ లేదు. అమ్మ గంటసేపు పొయ్యి ఊదీ ఊదీ, దగ్గుతూ, రెండు బిందెల నీళ్లు కాచింది. కళ్లు ఎర్రగా వాచిపోయాయి. ఫోన్లో బావకు చెబితే "గీజర్ పెట్టించుకోరాదా" అన్నాడు. కరెంటే లేదంటుంటే గీజర్ ఏంటి బావా!

మాది మణుగూరు పక్క పల్లె. పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికి వచ్చాయి. ఆ నీళ్లతోనే సింగరేణి కరెంట్ తీసే 20 కిలోవాట్ల పైలట్ ప్లాంట్ పెట్టింది. వేడినీళ్లు తగిలితే తొందరగా మరిగే ఇంకో ద్రవం ఆవిరై, కరెంట్ పుట్టించే చక్రాన్ని, అదే టర్బైన్‌ని, తిప్పుతుంది. సంతోషం. కానీ ఆ వేడి వేడిగానే మా ఇళ్లకు రాకూడదా? బాలింత స్నానానికి టర్బైన్ ఎందుకు? పైపు చాలు.

"అంత దూరం పైపు ఎవడేస్తాడు" అంటాడు బావ. ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్‌లో 1930లోనే మూడు కిలోమీటర్ల పైపు వేసి ఒక బడికీ, కొన్ని ఇళ్లకూ వేడినీళ్లు తెచ్చారు. అంతకుముందు వాళ్లూ బొగ్గు పొగలో మగ్గినవాళ్లే. ఇప్పుడు ఆ దేశంలో పది ఇళ్లలో తొమ్మిదింటికి వెచ్చదనం ఇచ్చేది భూమే.

స్నానం ఒక్కటేనా? పోయిన వేసవిలో అకాల వానకు కల్లంలో మా మిర్చి తడిసి బూజు పట్టింది. నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ నీళ్ల వేడితో ఊరికొక ఆరబెట్టే గది ఉంటే ఆ పంట దక్కేది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

వేడినీళ్లు లేని ఊళ్లకూ దారి ఉంది. పది అడుగుల లోతులో మట్టి వేడి ఏడాదంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. అక్కడ పైపులు పాతి వాటిలోంచి గాలి ఇంట్లోకి తెస్తే, 45 డిగ్రీల ఎండలో కూడా ఇల్లు కొంత చల్లబడుతుంది. చిన్న ఫ్యాన్ చాలు, దానికి ఒక సోలార్ పలక సరిపోతుంది.

అసలు బాధ వేరే ఉంది. మా నేలలో తీసిన బొగ్గుతో ఎక్కడెక్కడో లైట్లు వెలుగుతాయి, చినుకు పడితే మా ఊళ్లో చీకటి. బొగ్గు మా చేతికి రాలేదు. ఈ వేడినీళ్లయినా ముందు మా గడపకు రావాలి.

అమ్మ సాయంత్రం నీళ్లకు మళ్లీ పొయ్యి ముట్టిస్తోంది. కట్టెలు ఇంకా ఆరలేదు.