మందుబాబు, గంజాయిగాడు: ఏవగింపు ఎవరి మీద?

(వాదన: ఒక మానసిక వైద్యుడికీ, ఒక డ్వాక్రా సంఘం నాయకురాలికీ మధ్య. అంశం: మందు తాగేవాణ్ని నవ్వి వదిలేసి, గంజాయి తాగేవాణ్ని వెలివేయడం సబబేనా?)

డాక్టరు: పేపర్లలో హెడ్డింగులు చూడండమ్మా. మందు రేటు పెరిగితే ‘మందుబాబులకు షాక్’. గంజాయి అయితే ‘గంజాయి బ్యాచ్ వీరంగం’. పెగ్గు, క్వార్టరు, సిట్టింగు అనే మాటలు పెళ్లి పందిట్లో పెద్దల ముందే వినపడతాయి. ‘సరుకు’, ‘స్టఫ్’ మాత్రం చెవిలో చెప్పుకోవాలి. ‘ఒక్క క్వార్టరేగా’ అంటారు. 180 మి.లీ. విస్కీలో 42.8 శాతం ఆల్కహాలంటే దాదాపు 61 గ్రాములు, డ్రింకుకు పది గ్రాముల లెక్కన ఆరు డ్రింకులు. క్యాన్సరు తెచ్చే పదార్థాల జాబితాలో మద్యం పేరు 1988 నుంచీ ఉంది.

నాయకురాలు: చెవిలో చెప్పుకుంటేనే మంచిది డాక్టరు గారూ. ఆ భయమే ఇంటర్ పిల్లల్ని ఆపుతోంది. మందును మామూలు చేసింది ఆ ముద్దుపేర్లే. గంజాయికీ అలాంటివి అలవాటైతే బెల్టు షాపుల్లాగే సందుసందునా దొరుకుతుంది. పదిహేడేళ్లవాడికి గంజాయితో మతి చలించే ముప్పు ఎక్కువని చెప్పేది మీరే కదా.

డాక్టరు: నిజం, ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ. కానీ భయం ఆపలేకపోయిన పిల్లాడి సంగతేమిటి? వాడి తల్లి ఓపీలో ‘నిద్ర పట్టట్లేదు, చదువు ఎక్కట్లేదు’ అంటుందే తప్ప గంజాయి ఊసెత్తదు. పోలీసులొస్తారనీ, ఆడపిల్ల సంబంధం చెడుతుందనీ. మానేసిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం మామూలే, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయని ముందే చెబితే ఓర్చుకుంటాడు. చెప్పే దిక్కు లేక నాలుగో రోజు మళ్లీ దమ్ము కొడతాడు.

మందుకు సిగ్గు లేకపోవడం వల్ల ఇంకో ప్రమాదం. ‘వాడిదేముంది, తలుచుకుంటే మానేస్తాడు’ అంటారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేస్తే, మొదటి రోజే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆపైన లేనివి కనపడటం, పలవరింతలు. ప్రాణమే పోవచ్చు. నీరసమని గ్లూకోజు బాటిల్ పెట్టిస్తారు. ముందుగా థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ పడకపోతే మెదడు దెబ్బతినొచ్చు. మాల వేసుకోవాలనుకుంటే పది రోజుల ముందే డాక్టరుకు చూపించాలి.

నాయకురాలు: అది మా ఆడవాళ్లందరికీ తెలియాల్సిందే. అయితే గంజాయి మీద ఏవగింపు తగ్గించడం కాదు, మందు మీద పెంచాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చేసింది అదే. 1993 అక్టోబరులో సారా బందయింది. 1995లో మొత్తం మద్యనిషేధమే తెచ్చారు, మళ్లీ 1997లో ప్రభుత్వమే ఎత్తేసింది.

డాక్టరు: వాళ్లు అడ్డుకున్నది సారా వేలంపాటల్ని, మూయించింది సారా కొట్లని. కోపం అమ్మేవాడి మీద.

నాయకురాలు: తాగొచ్చిన మొగుళ్లకు కూడు పెట్టనన్నవాళ్లూ ఉన్నారు. సిగ్గు కూడా పనిచేసింది.

డాక్టరు: కూడు పెట్టనన్నది ఇంటామె. మర్నాడు మళ్లీ పెట్టగలిగేదీ ఆమే. ఊరు వెలివేస్తే వెనక్కి పిలిచేదెవరు? చట్టం కూడా అమ్మేవాడికీ, అలవాటుపడినవాడికీ తేడా చూపించిందమ్మా. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్)లో గంజాయి 20 కిలోలు దాటితే పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల జైలు. కిలోలోపు అయితే ఏడాది వరకు. అలవాటుపడినవాడు తాగినందుకో, కిలోలోపు దొరికినందుకో కేసులో ఉండి, తనంతట తాను ప్రభుత్వాసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు చేరితే 64ఏ సెక్షను కింద విచారణ నుంచి రక్షణ ఉంది.

నాయకురాలు: మధ్యలో పారిపోతే?

డాక్టరు: ఆ రక్షణ తీసేయవచ్చు.

నాయకురాలు: ఆ షరతు ఉంది కాబట్టి ఒప్పుకుంటున్నా. సంఘం మీటింగులో 64ఏ గురించి చెబుతాను, మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 నంబరు గోడ మీద రాయిస్తాను. కొడుకుని ఆస్పత్రికి తీసుకెళ్లే తల్లి వెంట మా సభ్యురాలు ఒకరు వెళతారు. కానీ గంజాయి గురించి పిల్లల ముందు నవ్వుతూ మాట్లాడనివ్వను. ‘మందుబాబు’ అని పేపర్లో రాసేవాళ్లకు ముందు మీరు ఉత్తరం రాయండి.