పాత ఇంటికి పన్ను రాయితీయా? ఎంత మాట!

పాత కట్టడాలను కూల్చకుండా కాపాడుకునే యజమానులకు ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వాలని కొందరు పెద్దమనుషులు అంటున్నారు. విజయవాడ వన్‌టౌన్‌లో మండువా ఇల్లు ఉన్నవాడిగా దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. మాలాంటివాళ్ళం ఇప్పటికే చెడిపోయి ఉన్నాం. రాయితీ కూడా ఇస్తే ఇక పట్టపగ్గాలుండవు.

ముందు నా నేరం ఒప్పుకుంటాను. తాతగారు కట్టించిన ఇంట్లోనే ఇంకా కాపురం ఉంటున్నాను. నడిమధ్య మండువా, చుట్టూ వసారా, పైన పెంకులు. వానొస్తే చూరు నీళ్ళు నాలుగువైపుల నుంచీ మండువాలోకి దూకుతాయి. మా ఆవిడ పరుగున వెళ్ళి ఇత్తడి గంగాళం పెడుతుంది. ఆ చప్పుడు వింటూ మంచమ్మీద పడుకోవడం తప్ప ఈ ఇంటివల్ల ఊరికి నయాపైసా లాభం లేదు. అదే జాగాలో అయిదంతస్తులు లేస్తే పది కుటుంబాలు, పది కార్లు, సందులో పార్కింగు కోసం రోజూ పది తగాదాలు. అభివృద్ధంటే అదీ.

పన్ను లెక్క మాత్రం మా మంచికే మార్చారు. పూర్వం ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందో చూసి పన్ను వేసేవారు. మా ఇంటికి అద్దె ఏం వస్తుంది? స్నానాలగది పెరట్లో ఉందని చెప్పగానే చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు తొడుక్కునేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఆ గొడవ లేదు. స్థలం విలువ, కట్టడం విలువ కలిపి మూలధన విలువ అన్నారు. కాపురముండే ఇళ్ళకు అందులో 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను. ఒక్క ఏడాదిలో 15 శాతానికి మించి పెరగకూడదని కళ్ళెం కూడా వేశారు. గుర్రం పరుగెత్తదు, అంతే. నడక మానదు.

ఇందులో ఉన్న తర్కానికి నేను ముగ్ధుణ్ణయ్యాను. మా గోడ విలువ ఏటా తగ్గుతుంది, గోడ కింద నేల విలువ పెరుగుతుంది. అంటే నేను కట్టుకోని అపార్ట్‌మెంటుకి పన్ను కడుతూ, ఉన్న పెంకుటింట్లో ఉచితంగా ఉంటున్నానన్నమాట.

కాలిఫోర్నియాలో ఉండే మా మేనల్లుడికి ఇదంతా చెబితే అక్కడి మిల్స్ చట్టం గురించి పాఠం మొదలుపెట్టాడు. 1972లో చేశారట. పాత ఇంటి యజమాని ఊరి ప్రభుత్వంతో కనీసం పదేళ్ళకు ఒప్పందం రాసుకుంటాడు. ఇంటిని ఉన్నదున్నట్టు కాపాడతానంటాడు, వాళ్ళు పన్ను తగ్గిస్తారు.

"ఎలా తగ్గిస్తారురా?"

"మార్కెట్ ధర వదిలేసి, ఇంటికి అద్దె ఎంతొస్తుందో దాన్నిబట్టి విలువ కడతారు మామయ్యా."

మనం 2021లో పాతబడిందని పారేసిన లెక్కను అమెరికావాళ్ళు పాత ఇళ్ళ కోసం దాచుకున్నారన్నమాట! మనం వాడి వదిలేసినవి వాళ్ళకి పనికొస్తున్నాయంటే గర్వంగానే ఉంది. అయిదేళ్ళకోసారి వచ్చి ఇల్లెలా ఉందో చూసిపోతారట కూడా. మనకూ అయిదేళ్ళకోసారి గుమ్మంలోకి వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళూ గోడ చూస్తారు, గుర్తు వెయ్యడానికి ఖాళీ ఉందా అని.

అయినా, చారిత్రకమంటే ఏమిటో తేలాలి కదా. బందరు రోడ్డులో విక్టోరియా జూబిలీ మ్యూజియం ఉంది, ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారు. 1921లో పింగళి వెంకయ్యగారు జెండా నమూనాను గాంధీగారికి చూపించింది అక్కడే. అదీ చరిత్ర. మా అరుగుమీద ఎవరు కూర్చున్నారు? తాతగారు, పాలవాడు, పేకాటలో నాలుగో చెయ్యి కోసం ఎదురుచూసే ముగ్గురు గుమాస్తాలు. ఇక ఉండవల్లి గుహల సంగతంటారా, అక్కడ అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్నాడు. ఆయన్ని లేపి చేతిలో డిమాండు నోటీసు పెట్టే ధైర్యం ఎవరికుంది?

ఇంటి విలువ నిజంగా తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఒకడు బిల్డరు. "ఇంకా ఈ పెంకులేనా బాబాయ్‌గారూ, డెవలప్‌మెంటుకి ఇచ్చెయ్యండి, ఫిఫ్టీ ఫిఫ్టీ" అని పండగకో స్వీట్ల డబ్బా పంపుతాడు. రెండోవాడు పాత కలప వ్యాపారి. వసారా స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, వైద్యుడిలా తల పంకించాడు. "బర్మా టేకు మాస్టారూ, ఇంకో వందేళ్ళుంటుంది. ఎప్పుడు తీసేస్తారు?"

పక్కింటివాళ్ళు అతనికే అమ్మారు. ఆమధ్య ఊరి బయట ఓ హోటల్‌కి వెళితే ఆ ఇంటి వీధి తలుపు అక్కడ ఏసీ గదిలో గోడకి నిలబెట్టి ఉంది. నున్నగా పాలిష్ పెట్టి, చిన్న లైటు కూడా వేశారు. పక్కింటి పిల్లలు ఎంతెత్తు ఎదిగారో మేకుతో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. అందులో రెండోది మావాడిది. జనం తలుపు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. అది ఇంటికున్నన్నాళ్ళూ ఒక్కడూ దిగలేదు. కాబట్టి వారసత్వాన్ని కాపాడే ఉత్తమ మార్గం ఇల్లు కూల్చడమేనని మనవి చేసుకుంటున్నాను. తలుపు మిగులుతుంది, పప్పుచారు దొరుకుతుంది.

కాపాడతానని మొండికేస్తే ఏమవుతుందో చూడండి. సిమెంటు రాకముందు గోడలకు వాడిన డంగు సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం మూడు నెలలు తిరిగాను. దొరికినాయన వయసు డెబ్భై పైమాటే. నిచ్చెన ఎక్కలేడు. కింద కుర్చీ వేసుకుని, "కరక్కాయ నీళ్ళు పొయ్యరా, బెల్లం ఏదిరా" అని మనవణ్ణి కేకేస్తుంటే, వాడు ఫోన్ చూసుకుంటూ సిమెంటు కలిపేశాడు.

అసలు రాయితీ లేదని ఎవరన్నారు? ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు. అపార్ట్‌మెంటుకీ, మా మండువాకీ ఒకటే లెక్క, పక్షపాతం లేదు. ఈసారి నేనూ కట్టాను. మిగిలిన డబ్బుతో పాత పెంకులు ఆరు వచ్చాయి. ఎండలో నిచ్చెనెక్కి చూస్తే పిల్లి ఎనిమిది పగలగొట్టింది.