ఉడకబెట్టిన ఏనుగు

విశాఖ రామకృష్ణా బీచ్‌లో కొన్న ప్లాస్టిక్ బాతుతో మొదలైంది ఇదంతా. పది నెలల మా పాప దాన్ని సాయంత్రమంతా చప్పరించింది. రాత్రి చూస్తే బాతు తెల్లగా, పాప నాలిక ఎర్రగా ఉన్నాయి. కిళ్ళీ వేసుకున్న పెద్దమనిషిలా ఉంది పిల్ల.

మా ఆవిడ బాతుని బల్బు కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది. 2021 జనవరి నుంచి బొమ్మల మీద ఐఎస్ఐ ముద్ర ఉండి తీరాలి. ఈ బాతు మీద ఉన్న ముద్రలల్లా మా పాప పళ్ళవే, రెండు.

"ఇకమీదట ఈ ఇంట్లోకి ప్లాస్టిక్ రాకూడదు" అని తీర్మానం అయిపోయింది. అంతటితో ఆగితే మా ఆవిడ ఎందుకవుతుంది? మా మామగారి కాలంనాటి కెమెరా ఫిల్ము రీలు డబ్బా ఒకటి వెతికి తీసి నా చేతిలో పెట్టింది. దాని నోరు ఇంచుమించు 32 మిల్లీమీటర్లు. అందులో పట్టే వస్తువేదైనా మూడేళ్ళలోపు పిల్లల గొంతుకి అడ్డం పడొచ్చు కాబట్టి, ప్రతి బొమ్మా అందులో పట్టదని తేలాకే కొనాలి.

"లక్కబొమ్మలు తెండి బాబూ. మీ ఆవిడ అవి చప్పరించే పెరిగింది" అన్నారు అత్తగారు.

ఆదివారం లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకకని ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, తెలివి ఎక్కువై అనకాపల్లిలో దిగి ఆటో పిలిచాను.

"ఏటికొప్పాక వెళ్ళాలి."

"ఏటీ?"

"ఏటికొప్పాక."

"కొప్పాకే కదండీ, ఎక్కండి."

కాసేపటికి "కొప్పాక వొచ్చీసిందండి" అన్నాడు. నిజమే, వచ్చింది కొప్పాకే. నాక్కావలసిన ఊరు యలమంచిలి అవతల వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడికి చేరేసరికి ఒంటిగంట దాటింది.

అక్కడ మాత్రం అలా నిలబడిపోయాను. మరమీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతోంది. బొమ్మలు చేసే ఆయన పసుపు రంగు లక్క కడ్డీని దానికి ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి వెన్నలా పట్టేసింది. పైన మొగలి ఆకుతో ఒక్కసారి రుద్దేసరికి అద్దంలా మెరిసింది. పసుపు, నీలి, జాఫరా గింజలు... రంగులన్నీ చెట్టూ చేమలవే. నేను జేబులోంచి ఫిల్ము డబ్బా తీసి గిలక్కాయ తలని అందులో దూర్చబోతుంటే, "ఏటి బాబూ, కొలతలేటి?" అన్నాడాయన. చెప్పాను. నవ్వి, ఆ డబ్బాలో పట్టని బొమ్మలు తనే ఏరి ఇచ్చాడు.

నీలం గిలక్కాయ, పసుపుపచ్చ ఏనుగు కొన్నాను. లక్క కరగడం వీడియో కూడా తీసుకున్నాను. ఇల్లు చేరాక మా ఆవిడకి రెండుసార్లు చూపించాను. "వేడికే కరుగుతుంది, చూశావా!" అని వ్యాఖ్యానం కూడా నాదే.

బస్సులో తెచ్చిన బొమ్మలు, పిల్ల నోట్లో పెట్టుకునేవి. శుభ్రం చెయ్యద్దూ? పాలసీసాలు మరిగిస్తాం కదా, అలాగే గిన్నెడు నీళ్ళు పొయ్యిమీద పెట్టి, ఏనుగుని, గిలక్కాయని వేసి, మూతపెట్టి, పది నిమిషాలు పేపరు చదువుకున్నాను.

మూత తీస్తే ఏనుగు వీపు మీద గిలక్కాయ మావటివాడిలా అతుక్కుని ఉంది. పట్టకారుతో లాగితే రెండూ కలిసి వచ్చాయి, పట్టకారు కూడా వాటితో కలిసిపోయింది. పసుపూ నీలం కలిసి ఏనుగు డొక్కలో గోంగూర రంగు తేలింది. గిలక్కాయ ఊపితే చప్పుడు లేదు, నీళ్ళు కారాయి.

అత్తగారు గుమ్మంలోంచి చూసి, "తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది కదా బాబూ" అన్నారు. ఆవిడ స్వరంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఫోను తీసి, నా వీడియో నాకే చూపించింది. "వేడికే కరుగుతుంది, చూశావా!" అంటోంది నా గొంతు.

నేను గిన్నె అడుగు గీకుతూ, ఆవిడ పట్టకారు గీకుతూ ఉండగా ఇల్లంతా మరీ నిశ్శబ్దంగా ఉందని తోచింది. తిరిగి చూస్తే, చాపమీద పాప బహు తృప్తిగా ఏదో నములుతోంది. నల్లటి ఫిల్ము డబ్బా నోట్లో ఉంది, మూత గుప్పిట్లో ఉంది.

ఒక్క అంగలో వెళ్ళి రెండూ లాక్కుని, మా ఆవిడ నా ముందుకు వచ్చి నిలబడింది.

"మరి దీన్ని దేన్లో పెట్టి చూశారు?"