పెట్టె పలికితే డబ్బు పుట్టదు

కాశీబుగ్గ బజారులో వంకాయలమ్మే పెద్దావిడ పక్కన కూడా ఇప్పుడు సౌండ్‌బాక్స్ ఉంది. తక్కెడ దించేలోపే ‘నలభై రూపాయలు వచ్చాయి’ అని అరుస్తుంది. ఈ అరుపులు విని దేశంలో డబ్బు పెరిగిపోతోందని, ధరలు మండేది అందుకేనని అనేవారున్నారు. మేము ఒప్పుకోం. కొన్నవారి ఖాతాలో నలభై తరిగింది, ఆమె ఖాతాలో నలభై చేరింది. బ్యాంకుల్లోని మొత్తం డిపాజిట్లలో పైసా తేడా లేదు. 2016లో వచ్చిన యూపీఐ ఉన్న డబ్బుకు కాళ్లు తొడిగింది, అంతే.

అసలు సంగతి సాయంత్రం మొదలవుతుంది. తెల్లారితే సరుకు దించే రైతుకు రొక్కమే కావాలి. పెద్దావిడ మనవడికి కార్డిచ్చి ఏటీఎంకు పంపుతుంది (అందులో నోట్లుంటే అదృష్టమే). నోట్లు బయటికొస్తే డిపాజిట్ తగ్గి, చేతిలో నగదు అంతే పెరుగుతుంది. ద్రవ్య సరఫరా, అంటే జనం చేతిలోని నగదు, బ్యాంకుల్లోని డిపాజిట్లు కలిపిన మొత్తం, అప్పటికి మారదు కానీ, బ్యాంకు నిల్వ తగ్గుతుంది. అప్పులిచ్చే సత్తువ సన్నగిల్లుతుంది. బ్యాంకు అప్పు రాసి ఆ మొత్తాన్ని తీసుకున్నవారి ఖాతాలో వేసినప్పుడే కదా కొత్త డిపాజిట్ పుట్టేది! అదే రొక్కం గడప దాటకుండా ఖాతాల మధ్యే తిరిగితే, పలాస జీడి వ్యాపారికి పిక్కలు కొనే వేళకు అప్పు దొరకడం తేలికవుతుంది. డిజిటల్ చెల్లింపులు ద్రవ్య సరఫరాను పెంచితే ఈ దొడ్డిదారినే పెంచాలి. అయితే జనం నోటును వదల్లేదు. నోట్ల రద్దు ముందు సుమారు 18 లక్షల కోట్ల రూపాయల నగదు చలామణిలో ఉంటే, 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటింది.

2022 డిసెంబరు 1న ప్రయోగాత్మకంగా జనం ముందుకొచ్చిన ఈ-రూపాయిది వేరే దారి. అది ఫోన్లోకి ఎక్కిన రిజర్వు బ్యాంకు నోటు. ఖాతాలోంచి అందులోకి మార్చుకోవడమంటే ఏటీఎంలో తీసినట్టే, క్యూ మాత్రం ఉండదు. ఒక బ్యాంకు మీద పుకారు పుడితే అర్ధరాత్రి మంచం దిగకుండానే డిపాజిట్లు ఖాళీ చేయొచ్చు. 2025 మార్చికి చలామణిలో ఉన్నది 1,016 కోట్లే కనుక ఇప్పటికి భయం లేదు. దానిమీద వడ్డీ ఇవ్వకూడదన్న నిర్ణయాన్ని రిజర్వు బ్యాంకు సడలించరాదు, ఈ-రూపాయి వాలెట్లో ఇంతవరకే ఉంచుకోవాలన్న పరిమితులనూ తొందరపడి ఎత్తేయరాదు. ఈలోగా బ్యాంకులు చేయాల్సింది ఒకటుంది. తెల్లవారుజామున సరుకు దించే రైతు ఖాతాలోనే డబ్బు తీసుకోవడానికి ఎందుకు జంకుతున్నాడో వెళ్లి అడగాలి.