పండగ రాత్రి పదకొండింటి భోజనం గారికి

మహారాజశ్రీ పండగ రాత్రి పదకొండింటి భోజనం గారి దివ్య సముఖమునకు,

తిరుపతి నుంచి నిద్ర కరువైన ఒక ప్రాణి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ ఇక్కడ కుశలం లేదు. పుల్లటి త్రేన్పులు మాత్రం పుష్కలంగా ఉన్నాయి.

ధనుర్మాసంలో మా ఊళ్లో దిగుతారు మీరు. వైకుంఠ ఏకాదశి, పది రోజుల ద్వార దర్శనం, కొత్త సంవత్సరం, సంక్రాంతి, ఆఖరికి కనుమ దాటితే గానీ కదలరు. తిరుపతిలో సొంతిల్లు ఉండడమంటే బోర్డు లేని సత్రం నడపడమేనని మీకు బాగా తెలుసు. బెంగుళూరు పిన్నమ్మ వాళ్లు దర్శనం ముగించుకుని కొండ దిగేసరికి పదిన్నర. "దారిలో ఏమీ తినలేదబ్బా, మీ ఇంట్లోనే తిందామని వచ్చేసినాం" అంటారు. అంతే, మీకు పట్టాభిషేకం అయిపోతుంది.

ఇక వడ్డన. పెనం మీంచి దిగిన ఓళిగ (బొబ్బట్టు) మధ్యలో వేలితో చిన్న గుంట చేసి అమ్మ నెయ్యి పోస్తుంది. ఆ నెయ్యి అంచు దాటి చిత్రాన్నంలోకి పాకేలోపే రెండోది పడుతుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి జారుస్తుంది. "ఒక్కదానికి ఏమవుతుందిరా" అని పక్కనుంచి అవ్వ. ఏమవుతుందో అవ్వకు తెలీదు, ఎందుకంటే ఆమె ఏడున్నరకే ఇంత మజ్జిగన్నం తిని, ఎనిమిదిన్నరకు గుర్రు పెట్టేసి, మనుషుల సందడికి మళ్లీ లేచొచ్చింది.

అంతటితో వదలరు గదా. మీ వెనకే ఫిల్టర్ కాఫీ వస్తుంది, "అరగడానికి" అట! ఒంట్లోకి పోయిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ పుచ్చుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది. మా ఇంటి డబరా గ్లాసులో అంత కెఫీన్ ఉండదు, నిజమే. కానీ మేం దాన్ని ఆరు గంటల ముందు కాదు, దిండు సర్దుకుంటూ తాగుతున్నాం స్వామీ.

తర్వాత కథ మీరు చూడరు, ఈలోపు కడుపులోకి దిగిపోయి ఉంటారు. తిన్న వెంటనే నడుం వాలిస్తే కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. ఒంటిగంటకు చిన్నాయన మిద్దె మీద పచార్లు చేస్తుంటాడు. పిన్నమ్మ రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటుంది. నేను ఈనో పొట్లం కోసం వంటింట్లో తడుముతుంటాను. కనుమ రాత్రయితే మరీ ఘోరం. నాటుకోడి పులుసు, సంగటి, పైగా మగవాళ్లు మిద్దె మీద చాటుగా పుచ్చుకునే 'మందు'. దాంతో నిద్ర త్వరగా పడుతుంది, ఒప్పుకుంటా. రాత్రి రెండో సగంలో ఆ నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. తెల్లారి అందరి మొహాలూ చూడాలి!

అయ్యా, కొండ మీద ఏం జరుగుతోందో ఎప్పుడైనా గమనించారా? రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంత సేవలో నైవేద్యం వేడి పాలు, పండ్లు, బాదం. అన్నమయ్య లాలి పాట, తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి, ఆపైన పవళింపు. ధనుర్మాసంలో ఆ పాన్పు మీద పవళించేది శ్రీకృష్ణుడు. వెన్న దొంగకే రాత్రిపూట పాలు, పండ్లతో సరిపెడుతుంటే, నాకు నాలుగు ఓళిగలు దేనికండీ? పాలల్లో నిద్ర తెచ్చే ట్రిప్టోఫాన్ ఉందని కొందరు గొప్పలు చెబుతారు గానీ, గ్లాసుడు పాలల్లో ఉండేది కొంచెమే. ఆ పళ్లెం తేలిగ్గా ఉంటుంది చూడండి, నాకు నచ్చింది అది.

మీ వంటల మీద నాకు కోపం లేదు. ఓళిగకూ నాటుకోడికీ నా ప్రాణమిస్తాను. పేచీ అంతా మీ వేళతోనే. మధ్యాహ్నం ఒంటిగంటకు దయచేయండి, అరటాకు వేసి, నెయ్యి గిన్నె మీ ముందే పెట్టి కూర్చోబెడతాం. తిన్నాక కుర్చీలో కూర్చునే తీసే అరగంట కునుకు కూడా మీ ఖాతాలోనే. రాత్రి ఎనిమిదికి మాత్రం మీ తమ్ముడు రసమన్నాన్ని పంపండి. ఆలస్యంగా కొండ దిగేవాళ్లకు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. అలిగేవాళ్లు అలగనీండి, మర్నాడు పొద్దున మిరియాలూ నెయ్యీ దట్టించిన పొంగలి పెడితే అలక అదే తీరుతుంది.

ఇట్లు,
మీ బాధితుడు

తా.క.: ఎల్లుండి చిత్తూరు నుంచి మేనత్త వాళ్లు వస్తున్నారట. రాత్రి తొమ్మిదికల్లా అలిపిరిలో ఉంటామన్నారు. అలిపిరిలో తొమ్మిదంటే మా ఇంట్లో పదకొండేనని మీకు తెలియనిది కాదు. ఆ రోజుకు దయచేసి సెలవు పెట్టండి.