అరవై ఒకటో విద్యార్థి

మా వదిన పాకాల అవతల ఒక పల్లె బడిలో టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, 60 మంది పిలకాయలు, ఇద్దరు టీచర్లు, రెండు గదులు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని ఒక పథకం వచ్చింది, ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని. ఆ మాటను ఇంత నిష్ఠగా, ఒక్క గది ఎక్కువ కాకుండా, ఒక్క టీచరు ఎక్కువ కాకుండా ఇన్నేళ్లు పాటించిన బడి ఇంకొకటి ఉంటుందని నేను అనుకోను.

ఆ బడికి పోయినేడాది పెద్ద స్మార్ట్ టీవీ వచ్చింది. ఏడాదిపాటు దాని బాగోగులు వింటూ, వీలైనప్పుడు పోయి కళ్లారా చూస్తూ వచ్చాక నాకు ఒకటి తేలిపోయింది. దాన్ని సామాన్ల రిజిస్టర్లో బెంచీల కింద, బీరువా పైన రాయడం అన్యాయం. అది ఒక విద్యార్థి. దానికి వెంటనే అడ్మిషన్ ఇవ్వాలి.

నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ఉన్న రెండు గదుల్లో ఒకదానికే ఇనుప తలుపు, కిటికీలకు గట్టి కమ్ములు ఉన్నాయి, కాబట్టి ఆ గది టీవీకి ఇచ్చారు. ఒకటి, రెండు తరగతులు వరండాలోకి వచ్చాయి. మిగతా మూడు తరగతులు రెండో గదిలో సర్దుకున్నాయి. దుమ్ము పడకూడదని మా వదిన తన పాత వెంకటగిరి చీర చింపి దానికి గలేబు కుట్టించింది (ఇన్నేళ్లలో మా అన్నకు ఒక దిండు గలేబు కుట్టించిన పాపాన పోలేదు, అది వేరే సంగతి). కార్తీకంలో తుఫాను వానలు పట్టుకుంటే ఆమె ముందు పరిగెత్తిపోయి టీవీ ప్లగ్గు పీకుతుంది, ఆ తర్వాతే వరండాలో ఉన్నోళ్లని లోపలికి పిలుస్తుంది. ఇదేంది వదినా అంటే, "పిలకాయలు తడిస్తే ఆరతారు సామీ, అది తడిస్తే నేను సంజాయిషీ రాయాల" అంది.

వేసవి సెలవుల్లో పిలకాయలంతా జేజి ఇళ్లకు పోతారు కదా, దొంగల భయానికి దీన్ని కూడా ఊళ్లో ఒక పెద్దమనిషి ఇంటికి పంపారు. అక్కడ అది రెండు నెలలు ఐపీఎల్ చూసింది. జూన్‌లో తిరిగొచ్చేసరికి అందరి మాదిరే చదువు మరిచిపోయింది. ఆన్ చేయడం ఆలస్యం, ముందు స్కోరు చెప్పాలని చూస్తుంది. సెలవులైపోయాక దారికి రావడానికి రెండు వారాలు పట్టింది. దీనికంటే విద్యార్థి లక్షణం ఇంకేం కావాలి?

చదువులో కూడా అది క్లాసులో అందరిలాంటిదే. ప్రశ్న అడగ్గానే చెప్పదు, కాసేపు ఆలోచిస్తుంది. తెర మధ్యలో ఒక గుండ్రం తిరుగుతూ ఉంటుంది. "అది తిరగతా ఉంటే పిలకాయలు కూడా దాంతో తలకాయలు తిప్పతా ఉండారు, నాకే కళ్లు తిరిగాయి" అని వదిన ఫోన్లో మొత్తుకుంది. తప్పు దానిది కాదు. ఆ ఊళ్లో నెట్టు బడి వెనక చింతమాను కింద మాత్రమే వస్తుంది. అందుకని ఐదో తరగతిలో పొడుగైన పిల్లవాడొకడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని కిటికీకీ మానుకీ మధ్య నిలబడతాడు. వాడికి ఆ పీరియడ్ పాఠం పోతుంది, కానీ మిగతావాళ్లకు వస్తుంది. త్యాగం అంటే ఏమిటో ఆ పిల్లవాడికి వేరే పాఠం పెట్టి చెప్పనక్కర లేదు.

లెక్కల యాప్ ఒకటి ఉంది. నాలుగు జవాబుల్లో సరైనది నొక్కితే ఒక నక్షత్రం వస్తుంది, తప్పు నొక్కితే ఒక గున్న ఏనుగు భోరుమని ఏడుస్తుంది. పలమనేరు వైపు ఏనుగులు చెరకు తోటల్లో పడ్డాయన్న కబుర్లు వింటూ పెరిగే పిలకాయలకు నక్షత్రం ఏం పట్టింది? ఏడు ఎనిమిదులు యాభై ఆరని నోటికి టపీమని చెప్పేవాళ్లు కూడా, ఏనుగును ఏడిపించడానికి వరసబెట్టి తప్పు నొక్కారు. తప్పు నొక్కాలంటే ముందు ఒప్పేదో తెలియాలి కదా, అది కూడా తెలివే. నెలాఖరుకు రిపోర్టు వచ్చింది: ఈ బడి గుణకారంలో బాగా వెనకబడి ఉంది, టీచరు ప్రత్యేక శ్రద్ధ తీసుకోవాలి.

పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు కూడా ఉన్నాయి. దీక్ష అని కేంద్రం 2017లో మొదలుపెట్టిన వేదిక, కోడ్ స్కాన్ చేస్తే వీడియో పాఠం వస్తుంది. చక్కటి ఏర్పాటు, నిజంగానే. పాఠం పుస్తకంలో ఉంది, పుస్తకం పిల్ల దగ్గర ఉంది, ఫోను నాన్న దగ్గర ఉంది, నాన్న బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మూడు నెలల పాఠాలు ఒకేసారి స్కాన్ చేస్తారు.

ఇదంతా ఈనాటిది కూడా కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం అరువు తీసుకుని, మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. ఏడాది కాగానే వాళ్ల ఉపగ్రహం వాళ్లు తీసుకున్నారు. అరువు బేరం ఎందుకని, 2004 సెప్టెంబర్ 20న అచ్చంగా చదువుల కోసమే ఎడ్యుశాట్ అని మనమే చేసి పంపాం. ఎక్కణ్నుంచి అనుకున్నారు? శ్రీహరికోట నుంచి. 2022లో జిల్లాలు విడదీశాక శ్రీహరికోట, పాకాల రెండూ తిరుపతి జిల్లానే. చదువుల ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపింది ఈ జిల్లా నుంచే, ఆకాశం నుంచి వచ్చే నెట్టు కోసం పిల్లవాణ్ని చింతమాను దగ్గర నిలబెట్టిందీ ఈ జిల్లాలోనే. మధ్యలో మిగిలిన దూరం కొంచెమే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఒకే గదిలో ఐదు తరగతులు ఉంటే ఏం చేయాలన్నది వాళ్ల ప్రశ్న. అట్ట ముక్కల మీద పాఠాలు రాసి, నిచ్చెన మెట్ల మాదిరి వరస పెట్టి, ఏ పిల్ల ఎక్కడుంటే అక్కడి కార్డు తీసుకుని తన పాటికి తాను ముందుకు పోయేలా చేశారు. తమిళనాడు వాళ్లు అది చూసిపోయి తమ బడుల్లో పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ అట్ట ముక్కల మీద గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. వాటికి ప్లగ్గు లేదు. ప్రారంభోత్సవానికి స్విచ్ నొక్కుదామంటే స్విచ్ లేదు. వెనక నిలబడి ఫొటో దిగితే ఎవరికీ కనపడవు. కరెంటు పోతే క్లాసు ఆగదు, టీచరుకు కాస్త ఊపిరి పీల్చుకునే సందు కూడా దొరకదు.

టీవీ వల్ల మేలే లేదని నేను అనను. ఒకరోజు, నేను అక్కడే ఉన్నాను, నెట్టు బుద్ధిగా వచ్చింది, నీలి తిమింగలం వీడియో పడింది. చెరువు తప్ప సముద్రం చూడని పిలకాయలు. అది నీళ్లలోంచి లేచి పడగానే 60 నోళ్లు తెరుచుకున్నాయి. ఒక పిల్ల లేచి, "మన ఊరి బస్సు కంటే పెద్దదా టీచర్?" అని అడిగింది. వదిన వీడియో ఆపేసి అందర్నీ బయటికి తీసుకుపోయి, ముప్పై మీటర్లు అడుగులతో కొలిపించి, మట్టిలో ముగ్గుపిండితో తిమింగలం గీసింది. అందరూ దాని కడుపులో కూర్చున్నారు, ఇంకా బోలెడు చోటు మిగిలింది. ఆ రోజు వాడకం లెక్కలో టీవీ నాలుగు నిమిషాలే నడిచిందని నమోదైంది, తక్కువని పైనుంచి మెసేజ్ వచ్చింది.

సరే, అడ్మిషన్ సంగతి. ముందు అపార్ నంబరు కావాలి, దేశంలో ప్రతి విద్యార్థికీ ఇచ్చే 12 అంకెల గుర్తింపు. పిలకాయలకు అది తెప్పించడానికి వదిన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆధార్‌లో మునెమ్మ, బడి రిజిస్టర్లో మునియమ్మ, ఇంట్లో పిలిచేది చిన్నమ్మి. టీవీకి ఈ బాధ లేదు. అట్టపెట్టె మీద ఏ పేరుందో బిల్లు మీద అదే పేరు, ఒక్క అక్షరం తేడా లేదు. దాని హాజరు నూటికి నూరు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ అడగదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2009 విద్యాహక్కు చట్టం చివర షెడ్యూల్ చూడండి. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. మా వదిన బడిలో 60 మంది. టీవీతో 61.

ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన టెక్నాలజీ బడికి చేయగల గొప్ప ఉపకారం ఇదే, అది గోడ మీద నుంచి దిగి రిజిస్టర్లోకి ఎక్కితే ఒక మనిషి వస్తుంది. 2023లో రాష్ట్రంలో ప్రాథమిక బడులకు 10,038 స్మార్ట్ టీవీలని లెక్క చెప్పారు. నా మాట వింటే ఒక్క పూటలో అంతమంది కొత్త విద్యార్థులు చేరతారు, సర్కారు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారన్న టెన్షన్ కూడా పోతుంది. చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే కదా అని ఎవరైనా అడ్డం పడొచ్చు. నిజమే, మన టీవీకి ఏడాదే. అయితే ఆరేళ్లు నిండేదాకా అది బతికుంటుందని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు, వారంటీ మూడేళ్లే.

ఈ వాదన అంతా వదినకు చదివి వినిపించాను. ఆమె కోడిగుడ్ల లెక్క యాప్‌లో ఎక్కిస్తూ, తల ఎత్తకుండా విన్నది. "మూడో టీచరొస్తే యాడ కూర్చోబెడతావు సామీ, ఉండే గది దానిదే కదా" అంది. అయినా బీరువాలోంచి అడ్మిషన్ ఫారం ఒకటి తీసి ఇచ్చింది. ఇద్దరం కూర్చుని నింపాం. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆగాం. మాతృభాష దగ్గర ఇంకాసేపు ఆగాం, దానికి తెలుగు వచ్చు కానీ అలిగినప్పుడల్లా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు రాయాలి. వదిన లేచి పోయి గలేబు ఎత్తి, కళ్లద్దాలు సర్దుకుని చూసొచ్చి, "ఒకటి రాయి, కుడి పక్క కింద ఆకుపచ్చ చుక్క" అంది. రెండోది ఇంకా రాలేదు.