బొంతకు బహిరంగ క్షమాపణ

పత్రికలో తప్పు దొర్లితే మర్నాడు లోపలి పేజీలో, రాశిఫలాల కింద, చీమతలకాయంత అక్షరాల్లో 'సవరణ' వేసి చింతిస్తున్నాం అనడం ఆనవాయితీ. ఇదీ అలాంటి సవరణే. కాకపోతే నేను చింతించి ఊరుకోలేదు, చించాను కూడా. పదకొండు పాత చీరలు, రెండు పంచెలు, ఒక కిటికీ తెర. ఆ విధ్వంసం వివరాల్లోకి వెళ్లేముందు నేరం ఒప్పుకోవాలి.

ముప్పై ఏళ్ల సబ్ ఎడిటరు ఉద్యోగంలో 'అతుకుల బొంత' అనే మాటను ఎన్నిసార్లు శీర్షికకెక్కించానో నాకే లెక్క తెలియదు. 1996లో పదమూడు పార్టీలు కలిసి యునైటెడ్ ఫ్రంట్ పేరుతో ఢిల్లీలో గద్దెనెక్కినప్పుడు వేశాను. మర్నాటి ఏడు దేవెగౌడ దిగి గుజ్రాల్ ఎక్కినప్పుడు మళ్లీ వేశాను. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రాత్రి 'పిగిలిన అతుకుల బొంత' అని వేసి, నా భుజం నేనే తట్టుకున్నాను. గుంతల రోడ్డుకు తారు పూస్తే అతుకుల బొంత. బడ్జెట్టు అతుకుల బొంత. పోటీ పత్రిక మొదటి పేజీ అయితే చెప్పనే అక్కర్లేదు. ఇన్ని రాసిన చెయ్యి ఏనాడూ సూది పట్టి ఎరగదు. చొక్కా బొత్తాం ఊడితే పిన్నీసు పెట్టుకుని ఎడిటోరియల్ రాసే జాతి మాది.

రిటైరైనవాడికి మన సమాజం మూడు దారులు చూపిస్తుంది: పొద్దుటి నడక, సాయంత్రం ప్రవచనం, అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్ష పదవి. మొదటిదానికి మోకాళ్లు, రెండోదానికి మనసు, మూడోదానికి ఓటర్లు ఒప్పుకోలేదు. అప్పుడు తట్టింది బొంత ఆలోచన. పాతగుడ్డలు నాలుగు చేర్చి కుట్టడమేగా, రెండు ఆదివారాల పని అనుకున్నాను. మొదలుపెట్టింది సంక్రాంతి వెళ్లాక. పూర్తయినప్పటికి మామిడికాయ ముక్కలు ఊరగాయ జాడీల్లోకి చేరిపోయాయి.

ముడిసరుకు దగ్గరే మొదటి దౌత్య సంక్షోభం తలెత్తింది. అటక మీది పాతచీరల మూటకు చెయ్యి వేశానో లేదో వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"ఏవండీ, ఆ మూట ముట్టుకోకండి. అది ఇడ్లీ కుక్కరు."

నాకు మూటగానే కనిపించింది. పాతబట్టలకు స్టీలుసామాన్లు ఇచ్చే ఆవిడతో మా ఇంటికి అప్పటికే ఒప్పందం కుదిరిందట. ఇంకో రెండు చీరలు కలిస్తే లోపలి రేకులు నాలుగూ ఇస్తానందట. తెలుగింట్లో పాతచీర అంటే పాతచీర కాదు, మారకద్రవ్యం. చివరికి నా పట్టుపంచె ఒకటి హామీగా పెట్టి, మూటలో సగం విడిపించుకున్నాను.

ఇక విధానం. పక్కగదిలో ఎనభై మూడేళ్ల అమ్మ ఉంది. ఆవిడ కుట్టిన బొంతల మీదే నేను పుట్టి పెరిగాను. నా పొత్తిళ్లు కూడా ఆవిడ అమ్మమ్మ నేత చీరవేనంటారు. అలాంటి మనిషిని అడగకుండా ఫోను తెరిచి అమెరికా పద్ధతి చూశాను. పరాయి దేశపు నిపుణుణ్ణి పిలిపించి సొంతూరి మేస్త్రిని గోడవతల కూర్చోబెట్టడం మనకు కొత్తేం కాదు గదా.

ఆ పద్ధతిలో ముందు గుడ్డను అయిదంగుళాల చదరాలుగా కోయాలి. కోయడానికి చక్రంలాంటి కత్తి, కింద గళ్ల చాప. తర్వాత చదరాలను పావంగుళం లోపలికి కుట్టి వరసలు, వరసలు కలిపి పైపొర, దానికింద దూది, దానికింద అస్తరు. నాకు కావలసింది అయిదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు. అంటే వరసకు పన్నెండు, మొత్తం పద్దెనిమిది వరసలు, 216 చదరాలు. కాగితం మీద అద్భుతంగా వచ్చింది. కాగితం మీద మన ప్రాజెక్టులన్నీ అద్భుతంగానే వస్తాయి.

అయితే ప్రతి చదరమూ రెండువైపులా పావంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. అయిదు కాస్తా నాలుగున్నర అవుతుంది. వెడల్పులో ఆరంగుళాలు, పొడవులో తొమ్మిదంగుళాలు కుట్టు మింగేస్తుందన్నమాట. పైగా నా పావంగుళం చాలాచోట్ల అరంగుళం. దాంతో సవరించిన అంచనాల ప్రకారం బొంత నాలుగడుగులకు ఆరడుగులు. కాళ్లు ముడుచుకునే షరతు మీద ఒక మనిషికి సరిపోతుంది.

వంద చదరాల దగ్గర అమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒరేయ్ అబ్బాయ్, గుడ్డ చిరిగితే అతుకేస్తారు. అతుకెయ్యడం కోసం గుడ్డ చించుతారంట్రా ఎవరైనా?"

ఆవిడకు పాలనాశాస్త్రం తెలియదు. 2016లో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2022లో ఆంధ్రాలో పదమూడు ఇరవయ్యారయ్యాయి. ముక్కలు పెరిగితే కుట్లు పెరుగుతాయి, కుట్లు పెరిగేకొద్దీ గుడ్డ తగ్గుతుంది. ఇంత సూక్ష్మం పెద్దావిడకు ఎక్కడ వివరించేది! మాట మార్చి కాఫీ తాగావా అన్నాను.

కుట్టడం మొదలెట్టాక ముక్కల అసలు గుణాలు బయటపడ్డాయి. వెంకటగిరి నేత ముక్క చెప్పినమాట వింటుంది. దాని పక్కన నైలెక్స్ అనే నైలాను చీర ముక్క పెడితే సూదికింద జారి, మడిచినచోట ఉండక, ఇస్త్రీ పెడితే అలిగి ముడుచుకుంటుంది. గత ప్రభుత్వంలోనూ మంత్రి, ఈ ప్రభుత్వంలోనూ మంత్రి అయిన స్వతంత్రుణ్ణి చూసినట్టే ఉంది. జాకెట్టు బట్ట కొత్తది కాబట్టి ఉతికితే బిగుసుకుపోయి చుట్టూ ఉన్న పాతవాటిని కూడా లాగేసింది. ముందే తడిపి ఆరేసి ఉంటే ఆ బాధ లేదట. ఎర్రముక్క ఒకటి రంగు దిగి ఇరుగుపొరుగు ముక్కలన్నిటినీ గులాబీ చేసింది. ఎరుపు కాస్తా గులాబీ కావడం హైదరాబాదులో ఎవరినీ ఆశ్చర్యపరచదనుకోండి.

కానీ నా కళ్లు తెరిపించింది టాకా. అసలు కుట్టు పడేదాకా పొరలు జరగకుండా పట్టివుంచే పెద్దపెద్ద వదులు కుట్లే టాకాలు. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడొస్తుంది. లాగి చూశాను. సర్రున వచ్చేసింది, నాలుగు రోజుల కష్టం చేతిలో దారపుపోగై మిగిలింది. 'బయటి నుంచి మద్దతు' అని ముప్పై ఏళ్లు రాసినా బుర్రకెక్కని సంగతి ఆ ఒక్క లాగుడుతో ఎక్కింది. 1990లో వీపీ సింగ్ కిందా, 1997లో దేవెగౌడ కిందా ఉన్నవి టాకాలే. అసలు కుట్టు ఎవరూ వెయ్యలేదు. అంటే నేను ఇన్నాళ్లూ బొంతలని రాసినవేవీ బొంతలే కావు. బొంత దాకా వచ్చే యోగ్యత వాటికి లేదు. కుట్టు పడనిదాన్ని బొంత అనడం పరువునష్టం. బొంతకు నోరు లేదు కాబట్టి కేసు పడలేదు, అంతే.

మిగతా లోకం దీన్ని ఎలా చూసుకుందో చూడండి. బుద్ధుడు మగధలో గట్లు వేసిన వరిపొలాలను చూపించి భిక్షువులు కట్టుకునే చీవరాలు ఆ తీరులో కుట్టించగలవా అని శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఆనందుడు ముక్కలు చేర్చి కుట్టించాడు. ఎవరూ ఆయన్ను అతుకుల ఆనందుడు అనలేదు. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల ఆడవాళ్లు బొంతను అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యభాగం దాకా కుడతారు. నాలుగు మూలలా పువ్వులనే మూడుమూలల ముక్కలు పెడతారు. అవి లేకపోతే బొంత బోసిగా, బట్టలేనట్టు ఉందంటారు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే ఊళ్లో, బానిసలుగా బతికినవాళ్ల మనవరాళ్లు, మునిమనవరాళ్లు పొలం పనుల్లో అరిగిన ప్యాంట్లూ చొక్కాలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం గోడలకు వేలాడదీశారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వేశారు. అక్కడ బొంత మీద స్టాంపు వేశారు, ఇక్కడ మేం తిట్టు వేశాం.

టాకాలు ఊడిన మర్నాడు నా ప్రాజెక్టు నిలిచిపోయింది. అమ్మ స్వాధీనం చేసుకుంది. నేలమీద చాప వేయించి, రెండు పాత మంగళగిరి చీరలను మడతలు మడతలుగా పరిపించి, ముడతలు చేత్తో తోసి, నాలుగు కొసలకూ నాలుగు చెంబులు పెట్టించింది. దూది లేదు. పొరకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనమట. ఒక చీర నడుమ జానెడు చిరుగుంది.

"నీ ఘనకార్యం ఇక్కడ పెట్టు," అంది.

నా వంద చదరాలలో బతికి బట్టకట్టినవి ఇరవై. అమెరికా విధానం, చక్రపు కత్తి, గళ్ల చాప, రెండు నెలల శ్రమ, అన్నీ కలిసి ఒక చిరుగు మీద అతుకయ్యాయి.

తర్వాత కుట్టు. నేను బారెడు దారం ఎక్కించాను. అమ్మ కత్తిరించి మూరెడు చేసింది. పొడుగైతే చిక్కుపడుద్దంది. అంచున మొదలుపెట్టి, బొటనవేలి వెడల్పు ఎడంతో వరస పక్కన వరస. సూది నాలుగు పొరల్లోంచి దిగి మళ్లీ తేలాలి. కిందికి ముంచిన సూది ఎక్కడ తేలుతుందో ఎడమచేతి చూపుడువేలు అడుగున ఉండి చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ దానికి ఒక పోటు. నాలుగో వరసలో తెల్లటి మంగళగిరి మీద ఎర్రటి చుక్క పడింది. తుడవబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీళ్లొద్దు. నీ ఉమ్మే రాయి."

రాశాను. పోయింది. ఎవడి నెత్తురు మరక వాడి ఉమ్మితోనే పోతుందట. పాత్రికేయులకు ఈ చిట్కా ముందే తెలిస్తే ఎంత బాగుండేదో.

నా కుట్లు గజానికొకటి ఉంటే అమ్మవి బియ్యపు గింజల్లా ఉన్నాయి. కంటిచూపు సగమే. సూదిలో దారం నేనెక్కించాలి, మిగతాదంతా ఆవిడ వేళ్లే చూసుకుంటాయి. ఆఖరి వరస తనే వేసి, ముడి పొరలోపలికి దాచి, దారం పంటితో తెంపింది. పళ్లు ఉన్నవి ఆరే.

ఆ సాయంత్రమే పాత డెస్కు నుంచి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఎక్కడో కూటమి కుదిరింది, శీర్షిక తట్టడం లేదు.

"'అతుకుల బొంత' అని వేద్దామా సార్?"

"వద్దు. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. 'టాకా ప్రభుత్వం' అని వెయ్యి."

"టాకా అంటే ఏంటి సార్?"

పావుగంట చెప్పాను. టాకా, అసలు కుట్టు, పొర, పోగు. అద్భుతం సార్ అన్నాడు.

మర్నాడు పొద్దున బొంత ఉతికి మేడమీద ఆరేద్దామని పైకి తీసుకెళ్లాను. పిట్టగోడ మీద దుమ్ము, కింద పావురాల రెట్టలు. "పేపరు పరిచి దానిమీద వెయ్యి, మాసిపోద్ది," అని అమ్మ మెట్ల దగ్గర్నుంచే అరిచింది. ఆనాటి పేపరు విప్పి పరిచాను. మొదటి పేజీలో, ఆరు కాలాల వెడల్పున, రెండంగుళాల అక్షరాల్లో 'అతుకుల బొంత' అని ఉంది. దానిమీద బొంత వేసి, గాలికి లేవకుండా నాలుగు కొసలకూ నాలుగు ఇటుకలు పెట్టి కిందికి దిగాను.